కలబంద వేళ్లకు ఊపిరాడాలి

సూళ్లూరుపేట బజారులో చాలా దుకాణాల ముందు, ఇళ్ల గుమ్మాల పైన కలబంద తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తుంది. దిష్టి తగలకూడదని బూడిద గుమ్మడికాయ, పటిక ముక్క పక్కన తాడుతో కట్టి వదిలేసిన మొక్క అది. దానికి మట్టి లేదు, కుండీ లేదు, నీళ్లు పోసేవాళ్లూ లేరు. అయినా నెలల తరబడి పచ్చగా ఉంటుంది. ఆకుల కొసలు మెల్లగా ఆకాశం వైపు వంపు తిరుగుతాయి. కొన్ని మొక్కలైతే నడిమధ్యలో కొత్త ఆకు కూడా వేస్తాయి. అదే ఇంటి మిద్దె మీద, అందమైన కుండీలో, రోజూ నీళ్లు పోసి పెంచిన కలబంద మాత్రం దీపావళి వానలు పట్టుకున్నాక అడుగున మెత్తబడి, కార్తీకమాసం ముగిసేలోపు కుళ్లి వాలిపోతుంది.

రెండూ ఒకే జాతి మొక్కలు. ఒకటి ఏమీ లేకుండా బతికింది, ఇంకొకటి అన్నీ ఉండి చచ్చింది. తేడా వేళ్ల దగ్గర ఉంది. గుమ్మానికి వేలాడే మొక్క వేళ్లకు రాత్రింబగళ్లు గాలి తగులుతోంది. కుండీలో మొక్క వేళ్లు నీళ్లలో మునిగి ఊపిరాడక పోయాయి. కలబంద ఏ నేలలో పుట్టిందో, ఎలా బతకడం నేర్చుకుందో తెలిస్తే, సూళ్లూరుపేట లాంటి తీరపు ఊళ్లో దాన్ని ఎలా చూసుకోవాలో తేలిగ్గా అర్థమవుతుంది.

ఎండిన కొండల మొక్క

మన పెరళ్లలో తరతరాలుగా ఉన్నా, కలబంద పుట్టిల్లు మన దేశం కాదు. దాని ప్రజాతిలో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. అవి ఆఫ్రికా, మడగాస్కర్, అరేబియా ప్రాంతాల్లో విస్తరించాయి. వాటి జన్యువులను పోల్చి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం కలబంద మూలాలను అరేబియా ద్వీపకల్పంలో గుర్తించింది. ఒమాన్ ఉత్తర భాగంలోని ఎండిన కొండలు దాని సహజ నివాసంగా ఇప్పుడు భావిస్తున్నారు. వ్యాపారులతో, వైద్యులతో కలిసి ప్రయాణించి ఈ మొక్క ప్రపంచమంతా పాకింది.

దీని శాస్త్రీయ నామం అలో వెరా. ఈ పేరును ప్రత్యేక జాతిగా నికొలాస్ బర్మన్ 1768 ఏప్రిల్ 6న ప్రచురించాడు. సరిగ్గా పది రోజులకు ఫిలిప్ మిల్లర్ ఇదే మొక్కకు అలో బార్బడెన్సిస్ అని పేరు పెట్టాడు. ముందు వచ్చిన పేరే చెల్లుతుందన్నది వృక్షశాస్త్ర నియమం. అయినా మనం కొనే క్రీముల డబ్బాల మీద రెండో పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. అది వేరే మొక్కేమోనని అనుమానపడక్కర్లేదు.

2021లో భోపాల్‌లోని ఐసర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలబంద జన్యుపటాన్ని ప్రచురించారు. అందులో సుమారు 1,293 కోట్ల జన్యు అక్షరాలున్నాయి. మనిషి జన్యుపటంలో ఉన్నవి 300 కోట్ల పైచిలుకే. కరువును తట్టుకోవడానికి పనికొచ్చే జన్యువుల్లో పరిణామం గట్టిగా పనిచేసిన ఆనవాళ్లు వారికి దొరికాయి. వాన ఎప్పుడు పడుతుందో తెలియని నేలలో, పడిన నీటిని దాచుకుని నెలలు నెట్టుకురావడం ఈ మొక్క వంశపారంపర్యంగా నేర్చుకున్న విద్య. మనం కుండీలో పెట్టినంత మాత్రాన ఆ విద్యను అది మరిచిపోదు.

రాత్రి పూట తెరుచుకునే ఆకులు

చెట్టు ఆకుకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిని పత్రరంధ్రాలంటాం. వరి, మామిడి, మల్లె లాంటి మొక్కలు వాటిని పగలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి. తెరిచిన ద్వారం గుండా నీరు ఆవిరై పోతుంది కూడా. రోహిణి కార్తె ఎండలో ఆ నష్టం చాలా ఎక్కువ. కలబంద ఈ పనిని రాత్రికి మార్చుకుంది. ఎండ దిగి గాలి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని, దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి, కణాల్లోని రిక్తికలనే చిన్న అరల్లో నిల్వ చేస్తుంది. తెల్లారి ఎండ పొడవగానే రంధ్రాలు మూసేస్తుంది. అప్పుడు ఆ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. తలుపులు మూసుకునే, సూర్యకాంతితో దాన్ని చక్కెరగా మార్చుకుంటుంది.

ఈ రాత్రి పనికి తొలి ఆధారాల్లో ఒకటి మన గడ్డ ఎరిగిన మనిషి నుంచి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఈస్ట్ ఇండియా కంపెనీ తోటలను చూసిన బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రణపాల ఆకును రుచి చూశాడు. పొద్దున పుల్లగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి చప్పబడి, సాయంత్రానికి చేదెక్కుతోందని గమనించాడు. ఆ సంగతి రాసిన ఉత్తరాన్ని 1813లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో చదివారు. రాత్రంతా చేరిన ఆమ్లమే ఆ పులుపని, పగలు అది ఖర్చయిపోతుందని శాస్త్రం ఆ తర్వాత చాలాకాలానికి వివరించింది. రణపాల కుటుంబం పేరు క్రాసులేసి కనుక ఈ పద్ధతికి క్రాసులేసియన్ ఆసిడ్ మెటబాలిజం అని పేరొచ్చింది. పొట్టిగా క్యామ్ అంటారు. కలబంద, నాగజెముడు, అనాస, ఈ మధ్య మన రైతులు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ అన్నీ ఈ దారిలో నడిచేవే.

దీనివల్ల ఆదా ఎంతో లెక్క చూడండి. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ సంపాదించడానికి వరి లాంటి మొక్క 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరిగా వదులుతుంది. క్యామ్ మొక్కకు 50 నుంచి 100 గ్రాములు చాలు. కనుక గులాబీకి పోసినన్ని నీళ్లు కలబందకు పోస్తే, అది తాగలేని నీళ్లన్నీ కుండీలోనే నిలిచిపోతాయి.

ఆకు కోసి చూస్తే

కలబంద ఆకును అడ్డంగా కోస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. బయట దళసరి ఆకుపచ్చ తోలు, దాని మీద నీరు బయటికి పోనివ్వని మైనం పూత. తోలుకు సరిగ్గా కింద సన్నని నాళాల నుంచి పసుపు రంగు చేదు పాలు కారతాయి. నడుమ తెల్లటి పారదర్శకమైన గుజ్జు. ఆ గుజ్జులో దాదాపు 99 శాతం నీరే. మిగతా కొద్ది భాగంలో ఉండే జిగురు పదార్థాలు ఆ నీటిని గట్టిగా పట్టి ఉంచుతాయి.

గుమ్మానికి వేలాడే మొక్క ఈ నిల్వ మీదే బతుకుతుంది. నీళ్లు బొత్తిగా దొరకనప్పుడు కలబంద రాత్రి కూడా రంధ్రాలు తెరవదు. తన శ్వాసలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ మళ్లీ వాడుకుంటూ, పెరుగుదల ఆపేసి ప్రాణం నిలుపుకుంటుంది. బయటి ముదురు ఆకుల్లోని నీరు లోపలి లేత ఆకులకు చేరుతుంది. అందుకే ముందు కింది ఆకులు పలచబడి ముడుచుకుంటాయి, మొవ్వు మాత్రం పచ్చగా ఉంటుంది. భూమ్యాకర్షణను పసిగట్టే గుణం వల్ల కొసలు పైకి లేస్తాయి. ఆ మొక్క సుఖంగా ఉందని కాదు దీనర్థం. దాచుకున్నది తింటూ రోజులు నెడుతోంది. కొత్తది కట్టినప్పుడు దించిన పాతదాన్ని చెత్తకుప్పలో వేయకండి. ఎండిన వేళ్లు కత్తిరించి పొడి మట్టిలో నాటితే చాలాసార్లు మళ్లీ కోలుకుంటుంది.

మన వాన, దాని గండం

2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారిన సూళ్లూరుపేట, కాళంగి నది ఒడ్డున, పులికాట్ సరస్సు పక్కన ఉంది. ఇక్కడి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య ఋతుపవనం తెచ్చేదే. ఆ నీళ్లతోనే నేలపట్టు చెరువులో గూడబాతులకు, పులికాట్‌లో ఫ్లెమింగోలకు పండుగ మొదలవుతుంది. కలబందకు మాత్రం అదే గండకాలం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అయితే అంతకు ముందే చెన్నై నుంచి నెల్లూరు దాకా తీరమంతా జడివానలో నానిపోయింది. అలాంటి ముసురులో మిద్దె మీద పెట్టిన కుండీ రోజుల తరబడి ఆరదు.

వేళ్లు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల మధ్య సందుల్లోని గాలి నుంచి అవి ఆక్సిజన్ తీసుకుంటాయి. ఆ సందులు నీటితో నిండితే ఆక్సిజన్ అందడం దాదాపు ఆగిపోతుంది, ఎందుకంటే నీటిలో దాని వ్యాప్తి గాలిలోకన్నా పది వేల రెట్లు నెమ్మది. ఊపిరాడని వేరు చచ్చుబడుతుంది, చచ్చిన వేరును తడి మట్టిలోని శిలీంధ్రాలు పట్టుకుంటాయి. కుళ్లు కాండానికి ఎక్కుతుంది. విషాదం ఏమిటంటే వేళ్లు పోయిన మొక్క నీళ్లు లాగలేక ఆకులు వాల్చేస్తుంది. అది దాహమనుకుని మనం ఇంకా పోస్తాం.

దాహానికి, కుళ్లుకు తేడా చేత్తో తడిమితే తెలుస్తుంది. దాహం వేసిన ఆకు పలచబడి, అంచులు లోపలికి ముడుచుకుంటాయి, పట్టుకుంటే తోలులా ఉంటుంది. కుళ్లిన మొక్క ఆకు మొదట్లో నీరుపట్టి గోధుమ రంగుకు తిరుగుతుంది, నొక్కితే మెత్తగా దిగబడుతుంది, దుర్వాసన వస్తుంది. కుళ్లు కనిపిస్తే వెంటనే మొక్కను పెరికి, నల్లబడిన వేళ్లను, మెత్తటి భాగాన్ని శుభ్రమైన కత్తితో కోసేయండి. నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టి కోత ఎండాక కొత్త పొడి మట్టిలో నాటండి. వారం తర్వాతే నీళ్లు పోయండి.

కుండీ, మట్టి

కలబంద వేళ్లు లోతుకు దిగకుండా పక్కలకు పాకుతాయి. అందువల్ల వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న మట్టికుండీ దానికి మంచిది. కాల్చిన మట్టి గోడల గుండా కూడా తేమ ఆరిపోతుంది, ప్లాస్టిక్ కుండీకి ఆ గుణం లేదు. చిన్న మొక్కను పెద్ద కుండీలో పెట్టకూడదు. వేళ్లు చేరని మట్టిలో నీరు ఊరికే నిలిచిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం అడుగున చిల్లు. చిల్లు లేని పింగాణీ కుండీ ఎంత అందంగా ఉన్నా కలబందకు పనికిరాదు.

నీరు తేలిగ్గా దిగాలని కుండీ అడుగున గులకరాళ్లు పరవడం మన అలవాటు. దానివల్ల మేలు లేదు. తడిపిన స్పాంజిని చేతిలో పట్టుకుని చూడండి: నీళ్లు కారడం ఆగిపోయాక కూడా దాని అడుగు భాగం చెమ్మగానే ఉంటుంది. కుండీ మట్టి అడుగున కూడా అలాంటి తడి పొర ఎప్పుడూ ఉంటుంది. సన్నటి మట్టి తన నీటిని కింద ఉన్న పెద్ద రాళ్లలోకి అంత తేలిగ్గా వదలదు. రాళ్లు వేస్తే ఆ తడి పొర పోదు, రాళ్ల ఎత్తుకు పైకి జరిగి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. చిల్లు మీద మట్టి కారకుండా ఒక్క పెంకు ముక్క చాలు.

నీరు దిగిపోవాలంటే మట్టి మొత్తం గుల్లగా ఉండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, గోలీకాయంత ఇటుక ముక్కలు నాలుగు దోసిళ్లు చేర్చితే సరిపోతుంది. ఇసుక నదిది కావాలి. సముద్రపు ఒడ్డు ఇసుకలో, పులికాట్ అంచు ఇసుకలో ఉప్పు ఉంటుంది, దాన్ని తేవద్దు. నర్సరీల నుంచి వచ్చే మొక్కలు తరచుగా కొబ్బరిపొట్టులో ఉంటాయి. తేలిక కనుక ప్రయాణానికి అది బాగుంటుంది, కానీ తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. ఇంటికి తెచ్చిన వారంలో ఆ పొట్టును మెల్లగా దులిపి మనం కలిపిన మట్టిలోకి మార్చడం మేలు.

తీరానికి దగ్గరి ఊళ్లలో బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కలబంద ఉప్పును కొంత ఓర్చుకుంటుంది. కానీ కుండీలో నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతూ, ఏటికేడు పేరుకుపోతుంది. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే అదే. నీళ్లు శుద్ధి చేసే ఆర్ఓ యంత్రం వదిలేసే నీటిలో లవణాలు మరీ ఎక్కువ కనుక వాటిని ఈ కుండీలో పోయకండి. వాననీళ్లు పట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచిది లేదు.

ఏ కాలంలో ఎన్ని నీళ్లు

రోజుల లెక్కకన్నా వేలి పరీక్ష నమ్మదగింది. చూపుడు వేలును రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. చెమ్మ తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పూర్తిగా పొడిగా ఉంటే, అడుగు చిల్లు నుంచి కారేదాకా నిండుగా పోయండి. కుండీ కింది పళ్లెంలో చేరిన నీళ్లను పారబోయండి. కొద్దికొద్దిగా రోజూ చిలకరించడం కన్నా, ఎప్పుడో ఒకసారి నిండుగా పోసి పూర్తిగా ఆరనివ్వడం ఈ మొక్కకు నచ్చుతుంది. ఎడారి అంచున వాన పడే తీరు కూడా అదే కదా. నీళ్లు మట్టి మీద పోయాలి, మొవ్వులో పోయకూడదు.

మన ఊరి కాలాల్లో ఇది సుమారుగా ఇలా ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యస్థమైన మట్టికుండీకి వారం, పది రోజులకోసారి. జులై నుంచి సెప్టెంబరు దాకా పది రోజుల నుంచి రెండు వారాలకోసారి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన పడే చోట ఉంటే అసలు పోయక్కర్లేదు, చూరు కింద ఉంటే మూడు వారాలకోసారి చాలు. జనవరి నుంచి మార్చి దాకా రెండు వారాలకోసారి. ఎరువు ఎండాకాలానికి ముందు ఒక గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తే ఏడాదికి సరిపోతుంది. టీ పిప్పి, మజ్జిగ, బియ్యం కడుగు రోజూ పోస్తే మట్టి ఎప్పుడూ తడిగా ఉండి ఈగలు, బూజు పడతాయి.

ఆకుల సందుల్లో తెల్లటి దూదిలా కనిపించేది పిండినల్లి. సబ్బునీళ్లలో ముంచిన దూదితో తుడిచేస్తే మొదట్లోనే పోతుంది. చీమలు ఆ పురుగును కాపాడతాయి కనుక, కుండీకి చీమల బారు కడితే ఆకు సందులు ఓసారి చూడండి.

వెలుతురు, పిలకలు

కలబంద ఇంట్లో పెరగగలదు, కానీ చీకటి మూలలో పెరగలేదు. వెలుతురు చాలకపోతే ఆకులు సన్నగా, పొడుగ్గా సాగి పక్కకు వాలిపోతాయి. తూర్పు కిటికీ, లేదా పొద్దుటి ఎండ పడే వరండా సరైన చోటు. నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా మే నెల మిద్దె మీదికి ఎక్కిస్తే ఆకులు ఎర్రబారతాయి. అది ప్రతిసారీ రోగం కాదు. అతి వెలుతురు నుంచి తనను కాచుకోవడానికి మొక్క రోడోజాంథిన్ అనే ఎర్రటి వర్ణకాన్ని తయారుచేసుకుంటుంది. నీడకు మార్చితే కొన్నాళ్లకు మళ్లీ పచ్చబడుతుంది. అందుకే చోటు మార్చేటప్పుడు రోజుకు కొంత చొప్పున ఎండకు అలవాటు చేయాలి.

బాగా ఎదిగిన మొక్క మొదట్లో పిలకలు పెడుతుంది. పిలకకు నాలుగైదు ఆకులు వచ్చి, సొంత వేళ్లు కట్టాక తల్లి నుంచి వేరు చేయండి. కోత ఆరడానికి రెండు మూడు రోజులు నీడలో ఉంచి నాటండి. రణపాల ఆకును నేల మీద పడేస్తే అంచుల్లో మొలకలొస్తాయి, కలబంద ఆకుకు ఆ శక్తి లేదు. కొత్త మొక్కగా మారగల కణజాలం దాని కాండంలో ఉంటుంది. కోసిన ఆకును మట్టిలో గుచ్చితే సాధారణంగా కుళ్లిపోతుంది. పసుపు పూల కంకి వేసినా ఒంటరి మొక్కకు గింజ కట్టడం అరుదు, తన పుప్పొడిని తానే అంగీకరించదు కాబట్టి. పిలకే దాని వారసత్వం.

పొలం గట్ల మీద, రైలు కట్టల పక్కన పెరిగే కిత్తలిని చూసి కలబంద అనుకునేవాళ్లున్నారు. రూపం దగ్గరగా ఉన్నా కిత్తలి అమెరికా ఖండాల నుంచి వచ్చిన వేరే వంశం. దాని ఆకులో నార గట్టిగా ఉంటుంది, రసం చర్మానికి తగిలితే మంట, దద్దుర్లు వస్తాయి. ఆకు తుంచి చూస్తే లోపల తేటగా వణికే గుజ్జు ఉన్నదే కలబంద.

రాత్రి ఆక్సిజన్ ఇస్తుందా?

కలబంద రాత్రంతా ఆక్సిజన్ వదులుతుందని, పడకగదిలో పెట్టుకోవాలని చాలామంది నమ్ముతున్నారు. ఈ నమ్మకం సగం నిజం నుంచి పుట్టింది. రాత్రి అది కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకునే మాట నిజమే. ఆక్సిజన్ మాత్రం సూర్యకాంతి నీటి అణువును విడగొట్టినప్పుడే పుడుతుంది, అంటే పగలే. చీకట్లో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయలేదు. పైగా మనిషికి రోజుకు సుమారు 550 లీటర్ల ఆక్సిజన్ కావాలి, ఒక కుండీ మొక్క ఇచ్చేది అందులో లెక్కకు రాదు.

గాలిని శుద్ధి చేస్తుందన్న మాటకు మూలం అంతరిక్ష పరిశోధన. మూసి ఉన్న అంతరిక్ష గదుల్లో గాలిని ఎలా శుభ్రం చేయాలన్న ప్రశ్నతో నాసా శాస్త్రవేత్త బి.సి. వోల్వర్టన్ బృందం 1989లో ఒక నివేదిక ఇచ్చింది. చిన్న గాజుపెట్టె లాంటి మూసిన గదుల్లో కలబందతో సహా కొన్ని మొక్కలు ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులను తగ్గించినట్టు అందులో ఉంది. కానీ మన ఇల్లు మూసిన పెట్టె కాదు. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలన్నిటినీ తిరిగి లెక్కగట్టారు. కిటికీలు, తలుపుల గుండా సహజంగా జరిగే గాలి మార్పిడికి సమానమవాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. గది గాలి బాగుండాలంటే కిటికీ తెరవడమే మందు.

మూసిన పెట్టెలో మొక్క అన్న ఆ ప్రశ్నకు సూళ్లూరుపేటతో దగ్గరి చుట్టరికం ఉంది. ఇక్కడి నుంచి పులికాట్ మీదుగా రోడ్డు వెళ్లే శ్రీహరికోటలో 2024 డిసెంబరు 30న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ సీ60 తనతో క్రాప్స్ అనే చిన్న పెట్టెను తీసుకెళ్లింది. అందులో ఎనిమిది అలసంద గింజలున్నాయి. కక్ష్యలో నాలుగు రోజుల్లో అవి మొలకెత్తాయి, ఆ వెంటనే ఆకులూ వేశాయి. పెట్టెలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, తేమ, ఉష్ణోగ్రతలను పరికరాలు నిరంతరం కొలిచాయి. మొక్క ఏ పూట ఏం తీసుకుంటుందో, ఏం వదులుతుందో కొలిచి తెలుసుకోవడం అంతరిక్షయాత్రకు ఎంత అవసరమో, మన కిటికీ దగ్గరి కుండీని అర్థం చేసుకోవడానికీ అంతే అవసరం.

ఆకును వాడేముందు

వాడకానికి బయటి వరుసలోని ముదురు ఆకును మొదటికంటా కోయండి. కోసిన వైపు కిందికి ఉండేలా పావుగంట నిలబెడితే పసుపు పాలు కారిపోతాయి. తర్వాత కడిగి, తోలు తీసి, తేట గుజ్జును మాత్రమే తీసుకోండి. ఆ పాలను ఎండబెట్టి చేసిందే మూలికల దుకాణాల్లో దొరికే ముసాంబరం. అందులోని అలోయిన్ తీవ్రమైన విరేచనకారి. భద్రతకు తగిన సమాచారం అందలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో దాన్ని దుకాణాల్లో నేరుగా అమ్మే విరేచన మందుల నుంచి తీసేయించింది. తోలుతో సహా మొత్తం ఆకు రసాన్ని, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. అందుకే ఆకు మొత్తం మిక్సీలో వేసి పరగడుపున తాగే అలవాటు మంచిది కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు దీన్ని లోపలికి అసలు తీసుకోకూడదు. కుక్కలు, పిల్లులు నమిలితే వాంతులు, విరేచనాలు అవుతాయి కనుక అందని ఎత్తులో ఉంచాలి.

చర్మం మీద చిన్న కమురు, ఎండ మంటలకు గుజ్జు హాయినిస్తుంది. కాలినప్పుడు ముందుగా చేయవలసింది మాత్రం ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టడం. లోతుగా కాలినా, బొబ్బలు పగిలినా ఆసుపత్రికే వెళ్లాలి. సిజేరియన్ లాంటి శస్త్రచికిత్స గాయాలు కలబంద జెల్ వాడినవారిలో ఆలస్యంగా మానాయని 1991లో ఒక అధ్యయనం చెప్పింది. మంచి మొక్క అయినంత మాత్రాన అన్ని గాయాలకూ మందు కాదు.

ఒక చిన్న మనవి. అక్టోబరులో మొదటి వాన దిగకముందే మిద్దె మీది కలబంద కుండీని చూరు కిందికి జరపండి. అడుగు చిల్లు తెరిచి ఉందో లేదో పుల్లతో పొడిచి చూడండి. మట్టిలో వేలికి చెమ్మ తగిలినన్నాళ్లు నీళ్ల చెంబు పక్కన పెట్టండి. ఈ మూడు పనులు చేసిన ఇంట్లో కలబంద ఏళ్ల తరబడి నిలుస్తుంది, పిలకలను ఇరుగుపొరుగుకు పంచుకునేంత పెరుగుతుంది.